ప్లినీ ఇచ్చిన సర్టిఫికెట్

ఉమ్మడి కరీంనగర్ జిల్లా చరిత్ర మీద వచ్చిన ఏ వ్యాసమైనా తీసి చూడండి. మొదటి పేరాలో గోదావరి పారుతుంది. రెండో పేరాలో మెగస్తనీస్ దిగుతాడు. ఆంధ్రులకు ముప్పై కోటలున్నాయని ఆయన రాశాడని, వాటిలో ధూళికట్ట ఒకటని, పెద్దబంకూరు ఒకటని, కోటిలింగాల ఇంకొకటని చెప్తారు. మూడో పేరాలో రోమన్ నాణేలు. అక్కడితో వ్యాసం గట్టెక్కినట్టే. మన ఊళ్లు గొప్పవని రుజువైపోయింది, ఇక ఫొటోలు పెట్టుకోవచ్చు.

నా పేచీ ఆ రెండో పేరాతో, మూడో పేరాతో.

ముందు మెగస్తనీస్ సంగతి. ఆయన క్రీ.పూ. 300 ప్రాంతంలో చంద్రగుప్త మౌర్యుడి దగ్గరికి వచ్చిన గ్రీకు రాయబారి. ఆయన రాసిన 'ఇండికా' మనకు దొరకలేదు. తర్వాతి రచయితలు వాడుకున్న ముక్కలే మిగిలాయి. ముప్పై కోటల లెక్క కనిపించేది ప్లినీ అనే రోమన్ రచయిత పుస్తకంలో. ఆ పుస్తకం క్రీ.శ. 77 నాటిది. అంటే మెగస్తనీస్‌కూ ప్లినీకీ మధ్య మూడున్నర శతాబ్దాలకు పైనే దూరం. ప్లినీ ఇండియా మొహం చూడలేదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయాడు. ఆయన 'అందారే' అనే జనం గురించి రెండు ముక్కలు రాశాడు: చాలా పల్లెలున్నాయి, గోడలున్న పట్టణాలు ముప్పై, కాల్బలం లక్ష, గుర్రపు దళం రెండు వేలు, ఏనుగులు వెయ్యి. ఆ ముప్పైలో ఒక్క పట్టణం పేరు కూడా చెప్పలేదు. అవి ఏ నది ఒడ్డున ఉన్నాయో చెప్పలేదు. ఈ మాటకు మెగస్తనీసే మూలమై ఉంటాడని పండితుల ఊహ. ఆ ఊహకు మనం మన ఊళ్ల పేర్లు తగిలించాం. తగిలించి, పిల్లలతో పోటీ పరీక్షల కోసం బట్టీ కొట్టిస్తున్నాం.

ఇదే ప్లినీ, ఈసారి మెగస్తనీస్ పేరు చెప్పి మరీ, గంగ పుట్టే చోట నోరు లేని మనుషులున్నారని రాశాడు. వాళ్లు తిండి తినరట, వాసన పీల్చి బతుకుతారట. ముప్పై కోటలు నమ్మిన మనం నోరు లేని మనుషుల్ని ఎందుకు వదిలేశాం? మొదటిది మనకు పనికొచ్చింది, రెండోది పనికిరాలేదు, అంతే. ఆధారాన్ని ఇట్లా ఏరుకోవడాన్ని చరిత్ర అనరు. పెళ్లి సంబంధానికి ఫొటో ఏరుకోవడం అంటారు.

ఇక రోమన్ నాణేలు. తెలంగాణలో అవి దొరికిన మాట నిజం. కరీంనగర్ పక్కన నుస్తులాపూర్‌లో వెండి నాణేల నిధి బయటపడింది. నల్లగొండ వైపు అక్కన్‌పల్లిలో ఒకే నిధిలో 1,531 వెండి నాణేలు దొరికాయి. వీటి మీద పరమేశ్వరీ లాల్ గుప్తా రాసిన పుస్తకాన్ని 1965లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే అచ్చేసింది. పెద్దబంకూరు తవ్వకాల్లోనూ రోమన్ నాణెం కనిపించింది. సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌లో, 1940–41లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వినప్పుడు ఆగస్టస్ బంగారు నాణెం దొరికింది. వీటిని ఎవరూ కాదనరు. నేను అడిగేదల్లా ఒకటే: ఆ నాణెం ఏం చెప్తుంది?

మన వ్యాసాలు దాని చేత చెప్పించే మాట ఒకటుంది: "అరే, మనకూ రోమ్‌కూ సంబంధం ఉండెనట!" ఆ నాణెం మీద ఆగస్టస్ మొహం ఉంది కాబట్టి ఆగస్టస్ కాలంలోనే వచ్చిందని, వచ్చింది కాబట్టి రోమన్లు ఇక్కడ తిరిగారని, తిరిగారు కాబట్టి ఇది మహానగరమని మెట్లు మెట్లుగా ఎక్కేస్తాం. ఒక్క మెట్టు కూడా గట్టిది కాదు.

ఇండియాలో దొరికే రోమన్ వెండి నాణేల్లో ఎక్కువ భాగం రెండే రకాలు. ఆగస్టస్ తన మనవలు గయస్, లూసియస్‌ల బొమ్మలతో కొట్టించినవి, ఆయన తర్వాతి చక్రవర్తి టైబీరియస్ కొట్టించినవి. క్రీ.శ. 64లో నీరో నాణెంలో వెండి తగ్గించాడు. ఆ తర్వాత ఇటు పంపే వ్యాపారులు పాత నాణేలనే ఏరి పంపి ఉంటారని నాణేల పండితులు చాలాకాలంగా వాదిస్తున్నారు. అదే నిజమైతే, ఆగస్టస్ బొమ్మ ఉన్న నాణెం ఆయన పోయిన యాభై అరవై ఏళ్లకో, ఇంకా తర్వాతో గోదావరి దాకా చేరి ఉండొచ్చు. నాణెం మీది రాజు చెప్పేది ఒక్కటే: అంతకు ముందు ఈ మట్టిలోకి రాలేదు అని. ఎప్పుడు వచ్చిందో చెప్పాల్సింది అది దొరికిన పొర. ఏ కుండ పెంకుల మధ్య, ఏ నేల మీద, ఏ బూడిద కింద దొరికిందో రాసిపెట్టి ఉంటేనే ఆ సంగతి తెలుస్తుంది.

రోమన్లు ఇక్కడికి రావాల్సిన పనే లేదు. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకడు రాసిన 'పెరిప్లస్'లో దారులు చెప్పాడు. పైఠాన్ నుంచీ, తగర అంటే ఇప్పటి తేర్ నుంచీ సరుకు బండ్ల మీద, సరైన బాటలు లేని నేల దాటుకుంటూ, బరుకచ్ఛం రేవుకు పోయేదట. తీర ప్రాంతాల సరుకు కూడా తగరకు వచ్చి చేరేదట. అంటే రోమన్ వెండి మన దగ్గరికి ఏ దేశీ బండి వాడి మూటలోనో, ఎన్ని చేతులు మారో వచ్చి ఉంటుంది. దాన్ని కుండలో పెట్టి, గుంట తీసి, మట్టి కప్పిన ఆఖరి చేయి ఈ నేలది. ఆ చేయి గురించి మన వ్యాసాల్లో ఒక్క వాక్యం ఉండదు. అవతలి మొహం గురించి పేరాలు పేరాలు ఉంటాయి.

ఆ చేతులు ఏం చేశాయో చూస్తే కథ ఇంకా బాగుంటుంది. 1898లో తమిళనాడు పుదుక్కోట్టై దగ్గర 501 రోమన్ బంగారు నాణేలు దొరికితే, వాటిలో అత్యధిక భాగం మీద చక్రవర్తి మొహానికి అడ్డంగా ఉలితో కొట్టిన గాటు ఉంది. ఎందుకు కొట్టారన్నది ఇంకా వాదనే. మళ్లీ డబ్బుగా చలామణీ కాకుండా చేయడానికని కొందరు, బంగారం పరీక్షకని కొందరు అంటారు. ఏదైనా, కొట్టినవాడికి చక్రవర్తి మొహం మీద భక్తి లేదు. కొండాపూర్‌లో ఇంకో తమాషా. అక్కడి జనం రోమన్ నాణేన్ని చూసి మట్టి బిళ్లలు అచ్చు పోసుకున్నారు, పైన దారం ఎక్కించుకోవడానికి కొక్కెం పెట్టుకున్నారు. టైబీరియస్ మెడలో బిళ్ల అయిపోయాడు. రెండు వేల ఏళ్ల కింద మన కుమ్మరికి రోమ్ అంటే ఒక డిజైన్. ఇప్పుడు మనకు అదే రోమ్ సర్టిఫికెట్. ఇద్దరిలో తలెత్తుకు బతికింది ఎవరంటారు?

రోమ్ కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే ఎంత తేడా పడుతుందో పుదుచ్చేరి పక్కనున్న అరికమేడు చెప్తుంది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వి, ఇటలీ పింగాణీ లాంటి ఎర్ర పాత్రల ముక్కలు చూసి, దాన్ని ఇండో–రోమన్ వర్తక కేంద్రం అన్నాడు. చుక్కల వరసలతో తిరుగుడు గీతలున్న నల్ల పళ్లేలను కూడా మధ్యధరా ప్రభావమే అనుకున్నాడు. తర్వాత విమలా బెగ్లీ ఆ ఆధారాలన్నీ మళ్లీ తిరగేసి, రోమన్ వర్తకానికి ముందే అక్కడ ఊరుందని చూపించింది. ఆ పళ్లేలు ఈ దేశపు మట్టితో, ఈ దేశపు కుమ్మరులు చేసినవని మట్టి పరీక్షలు తేల్చాయి. అట్లాంటి పళ్లేల ముక్కలు అమరావతిలోనూ, శాలిహుండంలోనూ ఉన్నాయి. ఒకప్పుడు అవి దొరికితే రోమ్ అని రాశారు. అవి మనవేనని తేలాక రాయడమే మానేశారు. మనవైతే వార్త కాదన్నమాట.

చట్టం కూడా ఇదే కళ్లతో చూస్తుంది. బ్రిటిష్ వాళ్లు 1878లో చేసిన నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయల కన్నా విలువైనది ఏది భూమిలో దొరికినా కలెక్టర్‌కు చెప్పాలి. ప్రభుత్వం దాన్ని తీసుకోవాలనుకుంటే ఆ లోహం విలువా, దాని మీద ఐదో వంతూ కట్టిస్తే సరి. ఆ లెక్కలో పొర లేదు, కుండ లేదు, చుట్టూ ఉన్న పెంకులు లేవు. ఉన్నది తూకం. కంసాలి కొట్టుకూ మ్యూజియానికీ తేడా ఐదో వంతు అని చట్టమే చెప్తే, దున్నేటప్పుడు కుండ తగిలిన రైతు కలెక్టరేట్‌కు ఎందుకు పోతాడు?

ఇప్పుడు రోమ్ వైపు ఒకసారి చూద్దాం. అక్కడి పురావస్తు పరిశోధకులు దేని మీద బతుకుతున్నారో తెలుసా? చెత్త మీద. రోమ్ నగరంలో మోంటే టెస్టాచో అని ఒక గుట్ట ఉంది. దాదాపు 35 మీటర్ల ఎత్తు. అది మొత్తం పగిలిన నూనె జాడీల కుప్ప. 1870ల నుంచీ హైన్రిఖ్ డ్రెస్సెల్ మొదలు ఎందరో ఆ పెంకుల మీద సిరాతో రాసిన బరువులు, వర్తకుల పేర్లు ఒక్కొక్కటే చదివారు. స్పెయిన్ నుంచి రోమ్‌కు ఆలివ్ నూనె ఎట్లా వచ్చిందో, ఎవరు పంపారో, ఎవరు తూచారో అట్లా తెలిసింది. ఈజిప్టులో ఎర్రసముద్రం ఒడ్డున బెరెనికే రేవు. అక్కడ గుడి నేలలో పాతిపెట్టిన ఇండియా జాడీలో ఏడున్నర కిలోల మిరియాలు దొరికాయి. ఆ ఊరి చెత్తకుప్పలు జల్లెడ పట్టి కొబ్బరి చిప్పలు, బియ్యపు గింజలు కూడా లెక్క రాశారు. మన గురించి వాళ్లకు తెలిసినదాంట్లో చాలా భాగం మన చెత్త నుంచి తెలిసింది. రోమ్‌ను అంత ఇష్టపడేవాళ్లం, ఈ ఒక్క సంగతిలో మాత్రం రోమ్‌ను అనుకరించం.

మోంటే టెస్టాచో లాంటివి మనకు ఊరూరా ఉన్నాయి. పాటిగడ్డ అంటాం, పాటిదిబ్బ అంటాం. పాత ఊరు మట్టైపోయి మిగిలిన దిబ్బ. ఆ మట్టి చేనుకు బలమని ఎండాకాలంలో బండ్లకు, ట్రాక్టర్లకు ఎత్తి తోలుకుంటారు. రైతును తప్పుపట్టలేం. ఆ మట్టిలో ఏముందో ఆయనకు తెలుగులో చెప్పినవాళ్లు లేరు. ఆయన విన్నదల్లా బంగారు నాణేల కథ. అందుకే దిబ్బలో ఆయన వెతికేదీ బంగారమే. గుప్తనిధుల పేరుతో రాత్రిళ్లు తవ్వే ముఠాలు వెతికేదీ అదే. మన వ్యాసాలు వెతికేదీ అదే. ముగ్గురి ఆసక్తీ ఒకటే అయినప్పుడు, మనం ఒక్కళ్లమే సాహిత్యం అని పేరు పెట్టుకున్నాం.

పెద్దబంకూరులో ఏం దొరికింది? ఇటుక కట్టడాలు. ఇటుక బావులు, మట్టి ఒరల బావులు. వేలకొద్దీ శాతవాహన నాణేలు. కమ్మరి పని జరిగిన చోటు, ఇనుప పనిముట్లు. ఇన్ని బావులు ఎవరికి? నీళ్లు తాగడానికా, అద్దకానికా, కొలిమికా? ఇదీ అడగాల్సిన ప్రశ్న. ధూళికట్టలో మట్టి కోట, బౌద్ధ స్తూపం, ముచలింద నాగు పలక ఉన్నాయి. అక్కడే ఒక దంతపు ముద్ర దొరికింది. దాని మీద ఒక ఆడమనిషి బొమ్మ, బ్రాహ్మీ అక్షరాల్లో అజనిసిరి అన్న పేరు. ఊరు అనే అర్థమున్న 'గామ' అనే మాట, 'కుమారి' అనే మాట కూడా ఉన్నాయి. రెండు వేల ఏళ్లకు పైబడిన పేరు, ఈ గడ్డ మీది ఆడమనిషి పేరు. మీలో ఎంతమంది ఆ పేరు విన్నారు? ఆగస్టస్ పేరు వినని వాళ్లెంతమంది?

గోదావరికి ఇటు పక్క, ఖానాపూర్ వైపు వస్తే ఈ జబ్బు ఇంకా బాగా తెలుస్తుంది. అవతలి ఒడ్డుకు నాణేలున్నాయి కాబట్టి చరిత్ర ఉంది. ఇటు నాణెం మాట వినపడదు కాబట్టి అడవి ఉంది, గిరిజనులున్నారు, సదర్‌మాట్ ఆనకట్ట ఉంది, ఇంక చాలు. అదే గోదావరి, అదే రాయి, మధ్యలో పావుగంట నది. ఇటు చరిత్ర లేదనడం ఎట్లా కుదురుతుంది? ఉత్తర తెలంగాణ నేల మీద ఇనుప చిట్టెం కుప్పలున్నాయి. 2010లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి, ఇక్కడి పరిశోధకుడు ఎస్. జైకిషన్ తోడుగా ఊరూరూ తిరిగితే రెండు వందలకు పైగా చోట్ల ఇనుము కరిగించిన, పని చేసిన ఆనవాళ్లు కనిపించాయి. ఇది మన మోంటే టెస్టాచో. కానీ దీన్ని కూడా వెంటనే విదేశీ సర్టిఫికెట్ కిందకే తెచ్చాం. రోమన్ సైనికుల కత్తులు నిర్మల్ ఉక్కువేనట. పెరిప్లస్‌లో ఎర్రసముద్రపు రేవులకు పోయిన ఇండియా ఇనుము, ఉక్కు మాట ఉంది. అది పశ్చిమ తీరం నుంచి పోయినట్టుంది. నిర్మల్ పేరు లేదు, తెలంగాణ పేరు లేదు. కోనసముద్రం ఉక్కును కొనడానికి ఇరాన్ వర్తకులు వచ్చేవాళ్లన్న కళ్లారా చూసిన సాక్ష్యం హెచ్.డబ్ల్యు. వాయిసీ 1820లలో రాసింది. రోమ్ పడిపోయిన పదమూడు వందల ఏళ్ల తర్వాతి సంగతి. మూసలో ఇనుమూ బొగ్గూ పెట్టి, గంటల తరబడి తిత్తులు ఊది, ఉక్కు ముద్ద తీసిన మనిషి పని చాలదా? ఆ కత్తి ఎవడి నడుముకు వేలాడిందన్నదే ముఖ్యమా?

నాకు ఎదురొచ్చే వాదన తెలుసు. "తెలంగాణ చరిత్రను ఇన్నేళ్లూ తొక్కిపెట్టారు. ఇప్పుడిప్పుడే తలెత్తుతున్నాం. కోటిలింగాల శాతవాహనుల తొలి అడుగు అని చెప్పుకుంటున్నాం. ఈ టైంలో నువ్వు వచ్చి సర్టిఫికెట్ చింపుతావా?"

ఆ ఆవేదన న్యాయమైనదే. అందుకే కోటిలింగాలనే తీసుకుందాం. అక్కడి గొప్ప ఏ రోమనూ ఇచ్చింది కాదు. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ పట్టుదలగా నాణేలు సేకరించారు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటి మీది అక్షరాలు చదివారు. సిముకుడి పేరు, అంతకు ముందటి గోబద, నారన లాంటి స్థానిక పాలకుల పేర్లు అట్లా వెలుగులోకి వచ్చాయి. మన ఊరివాడు ఏరి, మన పండితుడు చదివిన సొంత ఆధారం అది. మరి దానికి మనం ఏం చేశాం? శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు కట్టాం, 20 టీఎంసీల జలాశయం. దాని నీళ్లు కోటిలింగాల దిబ్బ మీదికి వచ్చాయి.

నాగార్జునసాగర్ కట్టినప్పుడూ లోయ మునిగింది. కానీ 1954 నుంచి 1960 దాకా ఆరేళ్లు కేంద్ర పురావస్తు శాఖ ఆ లోయంతా తవ్వింది. కట్టడాలను ఊడదీసి కొండ మీదికి మోసింది, 1966లో మ్యూజియం తెరిచింది. అక్కడి శాసనాల్లో ఒక రాణి స్తంభం కోసం ఇచ్చిన దీనార–మాషకాల లెక్క ఉంది. 'దీనార' అనే రోమన్ మాట మన గడ్డ మీద ప్రాకృతంలో కలిసిపోయి ఎట్లా చలామణీ అయిందో మనకు తెలిసింది ఆ శాసనాల చదువు వల్ల. కోటిలింగాలకు ఆ స్థాయి ప్రయత్నం జరగలేదు. కాలువ నీళ్లు వద్దని నేననను. గోదావరి పక్కనే ఉండి నీళ్లకు మొహం వాచిన ఊళ్లు నాకూ తెలుసు. నీళ్లు రాకముందు తవ్వి, రాసి, అచ్చేసి ఉంచడానికి అయ్యే ఖర్చు ప్రాజెక్టు ఖర్చులో లెక్కలోకి రాదు. తలెత్తుకుంటున్నామని చెప్పుకునే మనం ఆ చిన్న ఖర్చుకోసం ఎందుకు గొంతెత్తలేదు? నిజం చెప్పాలంటే, సర్టిఫికెట్ చేతికొచ్చాక ఊరు అక్కర్లేకపోయింది. ముప్పై కోటల జాబితాలో పేరెక్కింది కదా, ఇంక దిబ్బ మునిగినా పేరు తేలుతుంది.

వి.వి. కృష్ణశాస్త్రి ఈ తవ్వకాలన్నిటినీ కలిపి 1983లో ఇంగ్లిష్‌లో పుస్తకం వేశారు. అది ఇప్పటికీ దిక్కు. పొర పొరకూ ఏం దొరికిందో చెప్పే పూర్తి నివేదిక తెలుగులో మాత్రం చదవడానికి లేదు. సురవరం ప్రతాపరెడ్డి రాజుల కథలు పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆడుకున్నారు అని అడిగి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అచ్చేయించారు. ఆయన దగ్గరున్నవి కావ్యాలే, దిబ్బలు కాదు. మన దగ్గర దిబ్బలూ ఉన్నాయి, ల్యాబులూ ఉన్నాయి. అయినా మనం ఆయన కన్నా వెనక్కి, చక్రవర్తుల మొహాల దగ్గరికి పోయాం.

చేయాల్సినవి పెద్ద పనులేం కావు. ఎండాకాలంలో ఎల్లంపల్లి నీటిమట్టం తగ్గినప్పుడు ఒడ్డున బయటపడే నేలను ప్రతి ఏడూ సర్వే చేయాలని పురావస్తు శాఖను అడగొచ్చు. పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల నివేదికలు తెలుగులో కావాలని అడగొచ్చు. ఊరూరా పాటిగడ్డ ఎక్కడుందో, చిట్టెం కుప్ప ఎక్కడుందో గుర్తించి గ్రామపంచాయతీ గోడ మీద పటం వేయించొచ్చు. మ్యూజియంలో రోమన్ నాణెం పక్కనే అది దొరికిన కుండ, ఆ పొరలోని గింజలు, బొగ్గు కూడా పెట్టాలని పట్టుబట్టొచ్చు.

రాసేవాళ్లం చేయగలిగింది ఇంకొకటుంది. చారిత్రక కథ రాస్తూ గోదావరి ఒడ్డున యవన వర్తకుణ్ణి దింపి, మన నాయిక అందానికి వాడి చేత కితాబు ఇప్పించే పద్ధతి మానేద్దాం. కావాలంటే అజనిసిరితో మొదలుపెడదాం. ఆ ముద్ర ఆమె దేని మీద వేసింది? మూట మీదా, ఉత్తరం మీదా, దానపత్రం మీదా? ఆ ఊరి బావి ఒరలు ఎవరు కాల్చారు? వాటికి కూలీ ఎవరిచ్చారు? వీటికి ప్లినీ దగ్గర జవాబు లేదు. మట్టి దగ్గర కొంత ఉంది, అదీ ఈ ఎండాకాలం ట్రాక్టర్ ఎక్కకపోతే.